సల్ఫైట్లకు సహజ ప్రత్యామ్నాయం: బంగినపల్లి మామిడి వైన్ చెప్పే పాఠం

నంద్యాల జిల్లాలోని బనగానపల్లె పేరు మామిడి వలన దేశమంతటా సుపరిచితం. 2017లో భౌగోళిక గుర్తింపు పొందిన ఈ పండుకు తాజాగా అమ్మినప్పుడు మంచి ధర పలుకుతుంది. మచ్చపడినవి, మరీ మగ్గినవి మాత్రం రైతుకు నష్టాన్నే మిగుల్చుతాయి. అటువంటి పండ్లకు విలువ జోడించే మార్గాలలో వైన్ తయారీ ఒకటి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ పరిశోధకులు 2005లో ప్రచురించిన అధ్యయనంలో వైన్ తయారుచేసిన ఆరు మామిడి రకాలలో బంగినపల్లి కూడా ఉంది. వైన్ తయారు చేయటం కంటె దానిని చెడిపోకుండా నిలువ ఉంచటమే కష్టమైన పని. గాలి సోకితే అసిటోబాక్టర్ దానిని పులిసిన వెనిగర్‌గా మారుస్తుంది. లాక్టిక్ బాక్టీరియా రుచిని చెడగొడుతుంది. బ్రెట్టనోమైసెస్ అనే ఈస్టు దుర్వాసన కలిగిస్తుంది.

వీటిని అదుపు చేయటానికి తరతరాలుగా వాడుతున్నది సల్ఫర్ డయాక్సైడ్. మన శిక్షణ తరగతులలో ఇది పొటాషియం మెటాబైసల్ఫైట్ రూపంలో పరిచితం. ఇది సూక్ష్మజీవులను అణచటమే గాక ఆక్సీకరణాన్ని కూడా నిరోధిస్తుంది. అయితే ఉబ్బసం ఉన్న వారిలో కొందరికి ఇది హాని చేస్తుంది. అంతర్జాతీయ నిపుణుల సంఘం నిర్ణయించిన దినసరి పరిమితి శరీర బరువులో కిలోకు 0.7 మిల్లీగ్రాములు, అనగా 50 కిలోల వ్యక్తికి 35 మిల్లీగ్రాములు. లీటరుకు 150 మిల్లీగ్రాములున్న వైన్ పావు లీటరు తాగితేనే ఆ పరిమితి దాటుతుంది. కనుక ప్రత్యామ్నాయాల అన్వేషణ సమంజసమే.

కాని 'సహజం' అన్న మాటతోనే తృప్తిపడటం సరికాదు. కిణ్వన సమయంలో ఈస్టు తానే కొంత సల్ఫైటును ఉత్పత్తి చేస్తుంది. గుడ్డు తెల్లసొన నుండి లభించే లైసోజైమ్ లాక్టిక్ బాక్టీరియాను అణచుతుంది గాని అసిటోబాక్టర్ పైన, ఈస్టుల పైన పనిచేయదు. పైగా గుడ్డు పడని వారికి అదే ప్రమాదం. నిసిన్ కూడా ఈస్టులను నిరోధించలేదు. ఆస్పర్జిల్లస్ నైగర్ శిలీంధ్రం నుండి తీసే కైటోసాన్‌ను ఐరోపా సమాఖ్య బ్రెట్టనోమైసెస్ నియంత్రణకు అనుమతించింది. కాని సల్ఫైటు వలె అది ఆక్సీకరణాన్ని ఆపలేదు. ఒక్కొక్కటి ఒక్కొక్క శత్రువునే ఎదుర్కొంటుంది. అన్ని పనులూ చేయగల ఏకైక సహజ పదార్థం ఇంతవరకు లేదు.

ఆళ్ళగడ్డ ప్రాంతపు పసుపును ఇందుకు వాడరాదా అన్న ప్రశ్న సహజంగానే కలుగుతుంది. పసుపులోని కుర్కుమిన్‌కు సూక్ష్మజీవి నిరోధక గుణమున్న మాట నిజమే. అయితే అది నీటిలో దాదాపుగా కరగదు. వైన్ వంటి ఆమ్ల ద్రవంలో అడుగున పేరుకుంటుంది, రంగును, రుచిని మార్చుతుంది. పరీక్షా నాళికలో కనిపించిన గుణం సీసాలో నిలువదన్న సంగతి పరిశోధక విద్యార్థులు గుర్తుంచుకోవలసి ఉంది.

అసలు కీలకం పానీయపు పిహెచ్‌లో ఉన్నది. సూక్ష్మజీవులను చంపేది సల్ఫర్ డయాక్సైడ్ యొక్క అణురూపం మాత్రమే. పిహెచ్ పెరిగిన కొద్దీ ఆ భాగం తగ్గిపోతుంది. లీటరుకు 0.8 మిల్లీగ్రాముల అణురూపం కావలెనన్న సాధారణ ప్రమాణాన్ని తీసుకుంటే పిహెచ్ 3.5 వద్ద సుమారు 40 మిల్లీగ్రాముల స్వేచ్ఛా సల్ఫర్ డయాక్సైడ్ సరిపోతుంది. పిహెచ్ 4.2 వద్ద దాదాపు 200 కావలెను. బాగా పండిన బంగినపల్లి రసపు పిహెచ్ తరచు 4కు పైనే ఉంటుంది. అనగా పుల్లదనం సరిదిద్దకుండా మెటాబైసల్ఫైట్ వేయటం వలన మోతాదు పెరుగుతుంది, రక్షణ మాత్రం దక్కదు. రసం పిహెచ్‌ను 3.5కు తగ్గించగలిగితే, ఏ ప్రత్యామ్నాయమూ లేకుండానే సల్ఫైటు అవసరం అయిదవ వంతుకు దిగుతుంది.

ఇందుకు కావలసిన టార్టారిక్ ఆమ్లం రాయలసీమ వంటింట్లోని చింతపండులో పుష్కలంగా ఉన్నది. దానిని శుద్ధి చేసి వాడితే రుచి, రంగు ఏ మేరకు మారతాయో పరీక్షించటం స్థానిక పరిశోధనకు తగిన అంశం.

కనుక విస్తరణ శాస్త్రవేత్తలు చెప్పవలసిన మాట 'సల్ఫైటు మానండి' అన్నది కాదు, 'కొలిచి వేయండి' అన్నది. చిటికెడు, చెంచాడు అన్న కొలతలకు బదులు పిహెచ్ మీటరు, త్రాసు శిక్షణలో భాగం కావలెను. 1906 నుండి నంద్యాలలో సాగుతున్న పరిశోధనా కేంద్రం, మహానంది వ్యవసాయ కళాశాల, యాగంటిపల్లె కృషి విజ్ఞాన కేంద్రం కలిసి పనిచేస్తే, ఆబ్కారీ అనుమతులకు లోబడి ఒక క్రమబద్ధమైన ప్రయోగం సాధ్యమే. ఒకే రసాన్ని పూర్తి సల్ఫైటుతో, ఆమ్లత సరిచేసి తగ్గించిన సల్ఫైటుతో, దానికి కైటోసాన్ జోడించి నిలువ ఉంచి, ఏడాది పాటు సూక్ష్మజీవుల సంఖ్యను, రుచిని, ఖర్చును పోల్చవలెను.

శుభ్రమైన పాత్ర, తగిన పుల్లదనం, గాలి సోకని నిలువ: ఈ మూడూ సరిగా ఉన్నచోటనే సహజ నిరోధకాలకు సార్థకత. అవి లోపించినచోట ఏ మందు వేసినా నష్టం చివరకు రైతుకు, వినియోగదారునికే చెందుతుంది.