వలసజనుల జాడయు సెల్‌ఫోను లెక్కయు

2021 నవంబరు వానలలో తిరుపతి పట్టణము నీట మునిగినదియు, రాయలచెరువు కట్ట తెగునను భయముచే దిగువ గ్రామములను ఖాళీ చేయించినదియు మన పాఠకులు మరచియుండరు. సహాయకేంద్రమునకు వచ్చినవానిని అధికారి లెక్కింపగలడు. చుట్టముల యింటికి పోయినవానిని లెక్కించువాడెవడు? దేశములో కడపటి జనగణన 2011 నాటిది. 2021లో జరుగవలసినది 2027కు వాయిదాపడినది. ఇల్లు విడిచినవాడు ఏ పద్దునను కానరాడు.

ఈ లోపమును సెల్‌ఫోను తీర్చునని శాస్త్రజ్ఞులు చెప్పుచున్నారు. 2010 జనవరి 12న హెయిటీ దేశమున భూకంపము సంభవించినపుడు, స్వీడను దేశపు కరోలిన్స్కా సంస్థవారు డిజిసెల్ కంపెనీ లెక్కలను పరిశీలించిరి. ఫోను మ్రోగినప్పుడెల్ల ఏ టవరుద్వారా మ్రోగినదో కంపెనీ పద్దులో చేరును. పేరును నంబరును తొలగించి, 19 లక్షల సిమ్ముల సంచారమును చూడగా, 19 దినములలో రాజధానిని విడిచినవారు 6 లక్షల 30 వేలమంది యని తేలినది. తరువాత జరిపిన సర్వేతో ఈ లెక్క చాలవరకు సరిపోయినది. అన్నము ఎచ్చటికి పంపవలయునో తెలియుట సామాన్యమైన మేలు కాదు.

అయినను హెయిటీ ద్వీపములోనిది. మన చిత్తూరు మూడు రాష్ట్రముల కూడలి. కుప్పమునుండి ప్రతిదినము రైలెక్కి బెంగుళూరు పనులకు పోవు కూలీలెందరో కలరు. వారిలో కర్ణాటక సిమ్ము గలవానిని ఏ రాష్ట్రపువానిగా నెంచవలయును? పగటి టవరును చూచిన వాడు వలసపోయినవాడు. రాత్రి టవరును చూచిన ఇంటివాడే. ఇంటికొక్క ఫోను ఉన్నచోట అది మగవాని జేబులో నుండును. పిల్లలతో పుట్టింటికి చేరిన ఇల్లాలు ఆ లెక్కకు లేనట్లే. వరదలో కరెంటు పోయిన మూడవనాటికి ఫోనులే మూగవోవును. అందరికంటె నిరుపేదయే అందరికంటె ముందు లెక్క తప్పును.

ఇంతకంటె గడ్డుప్రశ్న వేరొకటి కలదు. 2005 తరువాత సల్వాజుడుంకును మావోయిస్టులకును నడిచిన పోరులో నలిగి, బస్తరునుండి వేలకొలది ఆదివాసులు గోదావరీతీరపు అడవులకు పారివచ్చిరి. సల్వాజుడుం పద్ధతి రాజ్యాంగవిరుద్ధమని సుప్రీంకోర్టు 2011లో తీర్పు చెప్పినది. అట్టివారికి జాడ తెలియుట ఉపకారమా, అపకారమా? పేరు తొలగించినంతమాత్రమున చాలదు. అడవిలో ఒక్క టవరుక్రింద ముప్పది ఫోనులు క్రొత్తగా మ్రోగినచో, గూడెమెచ్చటనో చెప్పుటకు పేర్లతో పనియేమి?

ఆంతరంగికత ప్రాథమికహక్కని 2017లో సుప్రీంకోర్టు తీర్మానించినది. 2023 నాటి సమాచారరక్షణ చట్టమో, తాను నోటిఫై చేసిన ప్రభుత్వసంస్థలను మినహాయించు అధికారమును కేంద్రమునకు కట్టబెట్టినది. 2020లో మహమ్మారినాడు మన రాష్ట్రమే గృహనిర్బంధమునందున్నవారిని ఫోను టవరులద్వారా కనిపెట్టినది. నాటి అవసరము నిజమే. కాని ఒకసారి చేతికందిన పనిముట్టును సర్కారు తానై దింపుట అరుదు.

కావున మేము కోరునది స్పష్టము. వరద, తుపాను వేళలలో మండలమువారి మొత్తములు మాత్రమే విపత్తుశాఖకు చేరవలయును. గుర్తుపట్టదగినంత చిన్నసంఖ్యలు బయటికి రారాదు. పోలీసుశాఖకు అందులో భాగముండరాదు. గడువు తీరగనే పద్దును నాశనము చేయవలయును. ఫోనులేనివారికొరకు గ్రామసచివాలయపు ఉద్యోగి ఇంటింటికి తిరుగుట ఎట్లును తప్పదు. ఈశాన్యపు వానలు అక్టోబరులో వచ్చును. కంపెనీలతో ఒడంబడిక అంతకుముందే వ్రాసికొని, దానిని శాసనసభ ముందుంచవలయును.