చూసేవాళ్లు లేకనా, మెట్లు లేకనా?



హైదరాబాదులో ఫుట్‌బాల్ చూసే నాథుడే లేడని మీ పత్రికలో రాసినాయన మాటతో నాకు పేచీ ఉంది. కోచ్ రహీం సాబ్ తీర్చిదిద్దిన సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి వరుసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు పట్టుకొచ్చిన ఊరండీ ఇది! లోపం జనంలో కాదు, ఒక లీగ్ నుంచి ఇంకో లీగ్‌కు ఎక్కించి దించే మెట్లలో ఉంది. 2023-24లో హైదరాబాద్ ఎఫ్‌సీ దేశపు పైమెట్టు లీగ్ ఐఎస్‌ఎల్‌లో అట్టడుగున నిలిచినా కిందికి దిగలేదు. అప్పుడు దింపే నిబంధనే లేదు. అదే ఏడాది దాని కింది మెట్టు ఐ-లీగ్‌లో రెండో స్థానం తెచ్చుకున్న మన శ్రీనిధి డెక్కన్‌కు పైకి దారి దొరకలేదు, ఎక్కింది ఒక్క విజేతే. 2025లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఢిల్లీకే వెళ్లిపోయింది.

మెట్లంటే స్కాట్లాండ్‌లో చూడాలి. అక్కడ 1906 నాటి బ్రెచిన్ సిటీ జట్టు 2021లో కెల్టీ హార్ట్స్ చేతిలో ఓడి, జాతీయ లీగ్ నుంచే కిందికి దిగింది. వాళ్ల మైదానానికి ఒక పక్క గోడ బదులు పొదల కంచె. అయినా అది మైదానమే.

మా బోరబండ పిల్లలకు గోల్‌పోస్టులంటే నాలుగు చెప్పులు. బంతి గట్టిగా తంతే నేరుగా పార్కు చేసిన ఆటోల కిందికి. ముందు మాకో నేల చదును చేయించి, రెండు ఇనుప గోల్‌పోస్టులు పాతించండి. చూడ్డానికి మేమొస్తాం.

— ఒక పాఠకుడు, బోరబండ, హైదరాబాద్