అమ్మ పాట, మా టార్చిలైటు

మా న్యూరో వార్డులో రౌండ్స్ అంటే మంచానికి మూడు నిమిషాలు. కంట్లో టార్చి వేసేవాళ్లం, రొమ్ము ఎముక మీద పిడికిలితో గట్టిగా రుద్దేవాళ్లం, "చెయ్యి ఎత్తు" అని అరిచేవాళ్లం. ఎత్తకపోతే కేస్‌షీట్‌లో 'వెజిటేటివ్' (మెలకువ ఉన్నా ఎరుక లేదు) అని రాసి పక్క మంచానికి నడిచేవాళ్లం. మా పీజీ కుర్రాడైతే హిందీలో అరిచేవాడు, శ్రీకాకుళం పల్లె దాటి ఎరగని మనిషి మీద. అది తప్పని మాలో ఒక్కరికీ తట్టలేదు.

ఆ మనిషి పాతికేళ్లవాడు. బైకు మీంచి పడ్డాడు. గొంతులో గొట్టం. వాళ్లమ్మ అతని అరచెయ్యి ఒళ్లో పెట్టుకుని ఏదో ఊడ్పుల పాట సన్నగా పాడుతుండేది. ఒకరోజు నన్ను ఆపింది. "బాబూ, పాట ఆపితే కళ్లు ఇటు తిప్పుతన్నాడు. మళ్లీ అందుకుంటే ఊపిరి నెమ్మదౌతంది."

"అది రిఫ్లెక్సమ్మా," అన్నాను నడుస్తూనే. సిస్టర్ జాలిగా నవ్వింది.

తర్వాతెప్పుడో చదివాను: లండన్ పుట్నీలో మెదడు దెబ్బతిన్నవాళ్ల ఆస్పత్రి ఒకటుంది. వెజిటేటివ్ అన్న ముద్రతో అక్కడికి వచ్చిన 40 మందిలో 17 మందికి ఆ ముద్ర తప్పని కీత్ ఆండ్రూస్ బృందం 1996లోనే ప్రకటించింది. ఆ పదిహేడుగురిలో ఎక్కువమందికి చూపు పోయింది, లేదా బాగా దెబ్బతింది. చూపులేనివాడి ముందు అద్దం తిప్పి 'చూడటం లేదు' అని రాయడమన్నమాట! అదే ఆస్పత్రిలో పనిచేసిన సంగీత చికిత్సకురాలు వెండీ మాగీ చెవి వైపు నుంచి వచ్చారు. ఆమె రూపొందించిన ఎరుక పరీక్ష మ్యాటడాక్‌లో 14 అంశాలు. చికిత్సకులు రోగి ఊపిరి లయను పట్టుకుని, అతనికి తెలిసిన పాటను ఎదురుగా కూర్చుని పాడతారు, ఆపుతారు, చూస్తారు. ఒక్కసారి కాదు, నాలుగు విడతలు. ఇది చదువుతుంటే నాకు ముందు వాళ్లమ్మ గొంతే వినపడింది.

వాళ్లమ్మ చెప్పింది నిజమేనని ఇప్పటికీ అనలేను. రిఫ్లెక్సే కావచ్చు. చప్పుడుకి ఉలిక్కిపడటం వేరు, ఆగిన పాట కోసం వెతకడం వేరు. ఆ తేడా తేలాలంటే పదేపదే చూడాలి. మంచాలు ముప్పై, మేం ఇద్దరం అనేవాళ్లం. క్యాంటీన్‌లో మాత్రం టీ చల్లారేదాకా కూర్చునేవాళ్లం.

పైగా, పాటలు మంచివని ఎక్కడో విని, తలగడ పక్కన ఫోన్ పెట్టి రోజంతా మోగించమని అటెండర్లకు చెప్పాం. మధ్యలో నిశ్శబ్దమే లేకపోతే ఏ పాటకు ఏం కదిలిందో ఎలా తెలుస్తుంది? ఆ మోతలో వాళ్లమ్మ పాడటం మానేసింది. మేం గమనించింది కూడా చాలా రోజులకు.

డిశ్చార్జి రోజున ఇంగ్లీషు కాగితం నా ముందుకు చాపి, "ఏటి రాసినారు బాబూ?" అని అడిగింది. కింద ముగ్గురి సంతకాలున్నాయి, మొదటిది నాదే. పడకపుళ్లు రాకుండా రెండు గంటలకోసారి ఒత్తిగిలించాలని చెప్పాను.