ఆపరేషన్ అయ్యాక ఆ మొదటి రాత్రి

ఆరోగ్యశాఖ మంత్రి గారికి,

మా నాన్నకి ఒక ప్రభుత్వాసుపత్రిలో బైపాస్ చేశారు. సర్జన్ పనికి వంక పెట్టలేం. నా గోడంతా ఆ రాత్రి గురించే.

ఐసీయూలో ముగ్గురికి ఒక్కరే నర్సు. ఛాతీ గొట్టంలోంచి సీసాలోకి దిగే రక్తాన్ని గంటగంటకీ చూడాలి. ఎక్కువైతే ప్రమాదం, ఉన్నట్టుండి ఆగినా ప్రమాదమే. గొట్టంలో గడ్డకడితే రక్తం గుండె చుట్టూ చేరి నొక్కేస్తుంది. పొద్దున లోపలికి వదిలినప్పుడు చూశాను: సీసాకి అంటించిన ప్లాస్టర్ మీద రాత్రి రెండు నుంచి ఐదు దాకా పెన్ను గీతే లేదు. ఆ వేళలో పక్క మంచం ఆయనకి ఊపిరి అందలేదట. ఆ నర్సమ్మని ఏమనగలను?

2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పథకం పుణ్యమా అని పేదవాడికీ గుండె ఆపరేషన్ అందింది. ఆ తర్వాతి రాత్రి కూడా భద్రంగా గడవాలంటే, వెంటిలేటర్ ఉన్న ప్రతి మంచానికీ ఒక నర్సుని వేయించండి. ఆదివారాలు కూడా ఫిజియోథెరపిస్టుని రప్పించండి. ఆ ఫిజియోథెరపిస్టు లేకనే, దిండు గుండెలకి హత్తుకుని దగ్గడం నాన్నకి నేర్పింది ఇంకో రోగి.