మాయ చెబుతూనే ఉంది, మనకి చెప్పేదెవరు?

అయిదో నెల స్కాన్ రిపోర్టులో మాయ గురించి ఒక లైను ఉంటుంది. ముందుగోడకు ఉందా, వెనకగోడకా, కిందికి ఉందా, ఓ పక్కకా అని. కర్లపాలెం చుట్టుపక్కల మన పల్లెల్లో ఆ లైను దేనికి పనికొస్తోంది? ముందుంటే ఆడపిల్ల, వెనకుంటే మగపిల్లాడు అని లెక్కలు కట్టడానికి! 1994లో చట్టం తెచ్చి స్కానింగ్ సెంటర్ల నోరు కట్టేశారు, ఆ ముచ్చట ఇప్పుడు యూట్యూబ్ తీరుస్తోంది. అది శుద్ధ అబద్ధం. మాయ ఉన్న చోటుకీ బిడ్డ ఆడా మగా అన్నదానికీ సంబంధం లేదు.

ఆ లైనుకి సంబంధం ఉన్నది తల్లి ప్రాణంతో. మాయ గర్భసంచిలో ఓ పక్కకు ఉన్నవాళ్ళలో బీపీ పెరగడం ఎక్కువగా కనబడుతోందని మన దేశపు ఆసుపత్రుల్లోనే చాలా అధ్యయనాలు చెప్పాయి. గర్భసంచికి రెండు వైపుల నుంచీ రక్తనాళాలు వస్తాయి. మాయ మధ్యలో ఉంటే రెండూ పంచుకుంటాయి. పక్కకుంటే భారం ఎక్కువగా ఆ వైపు నాళం మీదే పడుతుందని డాక్టర్ల వివరణ. పక్కకున్న ప్రతి తల్లికీ బీపీ రాదు. మధ్యలో ఉన్నా వచ్చేవాళ్ళున్నారు. కాబట్టి అది తీర్పు కాదు, "ఈమెను ఇంకాస్త కనిపెట్టి చూడండి" అనే హెచ్చరిక.

ఆ హెచ్చరిక తల్లి చెవిన పడుతోందా? నెల కిందట ఒక విద్యార్థిని వాళ్ళక్క రిపోర్టు వాట్సాప్‌లో పంపింది. "మేడమ్, మాయ పక్కకుందంట, ఏమవుద్ది?" అంది. తెలుగు పాఠాలు చెప్పుకునే నన్ను అడిగింది! స్కాన్ తీసినచోట డబ్బులు కట్టించుకుని కవరు చేతిలో పెట్టారు. అడిగితే "చెప్పినా మీకు అర్థం కాదులే" అన్నారంట.

ఆ మాటకి చాలా పాత చరిత్ర ఉంది. మన ఊళ్ళల్లో మంత్రసాని పని చాలాచోట్ల మంగలి స్త్రీలదీ, మాల మాదిగ స్త్రీలదీ. బొడ్డు కోసిందీ, మాయను పాతిపెట్టిందీ మన అమ్మమ్మలే. అది అంటు గనక ఆ పని మనకి ఒదిలేశారు. ఇవాళ అదే మాయ ఏసీ గదిలో తెర మీదికెక్కేసరికి మనకి అర్థం కాని విద్య అయిపోయిందా?

ఇందులో అర్థం కానిదేం లేదు. 20 వారాలు దాటాక బీపీ 140/90కి చేరి, మూత్రంలో ప్రోటీన్ పోతుంటే ప్రమాదం. ముదిరి ఫిట్స్ వస్తే అదే గుర్రపువాతం. పట్టుకోడానికి కావల్సింది ఒక బీపీ మిషను, ఒక మూత్ర పరీక్ష. ఫిట్స్ రాకుండా ఆపే మెగ్నీషియం సల్ఫేటు చవక మందు. ఆ ముప్పును అది సగానికి పైగా తగ్గిస్తుందని, 33 దేశాల్లో పదివేల మందికి పైగా తల్లులతో చేసిన మాగ్‌పై అధ్యయనం 2002లోనే తేల్చింది.

మరి లోటెక్కడ? కలుపుకీ వేరుశెనగ పీకుడుకీ పోయే మనిషి ఆసుపత్రికెళితే ఆ రోజు కూలి పోద్ది. తలనొప్పి ఎండ వల్ల అనుకుంటుంది, మొహం వాపు నీరు అనుకుంటుంది, కళ్ళు మసకబారితే నీరసం అనుకుంటుంది. ఆ మూడూ బీపీ గుర్తులే కావచ్చని ఆమెకి ఎవరూ చెప్పలేదు. కార్మిక స్త్రీల ప్రసూతి ప్రయోజనాల బిల్లు కోసం 1928లోనే బొంబాయి శాసనమండలిలో బాబాసాహెబ్ వాదించారు. ఇన్నేళ్ళయినా పొలం కూలికెళ్ళే తల్లికి కూలి డబ్బులతో కూడిన సెలవు లేదు.

2018–20 లెక్కల్లో మన రాష్ట్రంలో లక్ష సజీవ జననాలకి 45 మంది తల్లులు చనిపోయారు. దేశం మొత్తానికి ఆ సంఖ్య 97. మనం మెరుగే అని చప్పట్లు కొట్టారు. ఆ 45 మంది ఏ వాడ వాళ్ళు? ఆ పట్టికలో కులం గడి లేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ! ప్రతి నెలా 9న ప్రభుత్వ ఆసుపత్రుల్లో గర్భిణులకి ఉచిత పరీక్షలు చేసే కార్యక్రమం 2016 నుంచీ ఉంది. ఆ రోజు మన వాడ నుంచి వెళ్ళే ప్రతి తల్లి వెంట చదువుకున్న ఒకరు వెళ్ళండి. మూడు అడగండి: బీపీ ఎంత? మూత్రంలో ప్రోటీన్ ఉందా? మాయ ఎక్కడుంది? మూడూ కార్డు మీద తెలుగులో రాయించండి. మీకు అర్థం కాదంటే, అర్థమయ్యేదాకా చెప్పమని అక్కడే కూర్చోండి.

జై భీమ్.