పద్దు పుస్తకము పలువురి చేతులలో నున్నచో

పూర్వము గ్రామపు లెక్కలు కరణము చేతను, సొమ్ము లెక్కలు షావుకారు ఆవర్జాలోను నుండెడివి. పుస్తక మొక్కటే, వ్రాయువా డొక్కడే. ఈ కాలమున ఒకే పుస్తకమును వేలకొలది కంప్యూటర్లలో నుంచి, ప్రతులన్నియు ఒక్క తీరుగా నుండునట్లు చూచు పద్ధతి యేర్పడినది. దీనినే బ్లాక్‌చైన్ అందురు. ఇందు యజమాని లేడు. అట్లయిన క్రొత్త పద్దు నెవరు వ్రాయవలెను? వారిలో కొందఱు అబద్ధమాడిన నేమి గతి? మా పై తరగతుల విద్యార్థు లడుగు ఈ ప్రశ్నకు మాకు తోచిన సమాధానము నిచట వ్రాయుచున్నాము.

ఈ చిక్కును 1982లో లాంపోర్ట్, షోస్టాక్, పీజ్ అను శాస్త్రజ్ఞులు కథారూపమున జెప్పిరి. పట్టణమును ముట్టడించిన సేనానాయకులు దూతల మూలమున ఒక్క నిశ్చయమునకు రావలెను, వారిలో ద్రోహులుందురు. నోటిమాటలే యాధారమైనచో, ద్రోహులు మూడవ వంతుకంటె తక్కువగా నుండిననే పని సాగునని వారు నిరూపించిరి. అనగా ఒక్క ద్రోహి యున్నను మొత్తము నలుగురైన నుండవలెను.

1999లో కాస్ట్రో, లిస్కోవ్ అనువారు దీనికొక ఆచరణయోగ్యమైన వోటు పద్ధతిని జూపిరి. సభ్యులందఱు ఎఱిగినవారే, మూడింట రెండు వంతులకు మించి సమ్మతించిన పద్దు స్థిరమగును. ఇది శీఘ్రము. కాని ప్రతివాడును తక్కినవారందఱికి వర్తమాన మంపవలెను. పదిమంది యున్న ఒక్క విడతకు 90 వర్తమానములు, నూరుగురైన 9,900. పెద్ద సమూహమునకు ఇది భారము.

2008లో సతోషి నకమోటో అను పేరుతో వెలువడిన బిట్‌కాయిన్ పద్ధతి వేఱు. అం దెవరైనను చేరవచ్చును. పేరు చెప్ప నక్కఱలేదు. మిక్కిలి శ్రమతో గూడిన లెక్కను ముందుగా సాధించిన యంత్రము క్రొత్త పుటను వ్రాయును. సగటున పది నిమిషములకొక పుట. దొంగ లెక్క వ్రాయదలచినవాడు తక్కిన యంత్రములన్నిటికంటె నెక్కువ బలము కూర్చుకొనవలెను. ఇందు కావలి కాయునది కరెంటు ఖర్చే. చిన్న వ్యవస్థలలో ఈ కావలి చాలదు. 2020లో ఇథీరియం క్లాసిక్ పుస్తకమును, యంత్రబలములో సగమునకు మించి సంపాదించినవారు తిరుగ వ్రాసిరి.

మూడవది ధరావతు పద్ధతి. ఇథీరియం 2022 సెప్టెంబరు 15న దీనికి మాఱినది. సాక్షిగా నుండగోరువాడు కనీసము 32 ఈథర్లు ధరావతు కట్టవలెను. ఒకే స్థానమున రెండు విధముల సాక్ష్యమిచ్చినచో అందు కొంత పోగొట్టుకొనును. ఈ మార్పువలన కరెంటు వాడకము నూటికి 99 పాళ్లకు మించి తగ్గినది. అయితే సొమ్ము గలవాని మాటకు బరువు హెచ్చినది.

ఈ పద్ధతులలో నెవరిని నమ్మ నక్కఱలేదని కొందఱందురు. మేమందులకు సమ్మతింపము. మొదటిదానిలో సభ్యులను, రెండవదానిలో ఖర్చును, మూడవదానిలో ధరావతును నమ్ముచున్నాము. నమ్మిక చోటు మాఱినదేగాని పోలేదు. కావున ఎవరెవరు చేరుదురో ముందు చూచి పద్ధతి నెన్నుకొనవలెను. పాఠశాలల మార్కుల పట్టికలకును, సహకార సంఘముల లెక్కలకును ఎఱిగినవారి వోటు చాలును. అచట బిట్‌కాయిన్ వలె కరెంటు వ్యయపఱచుట దుబారా యని మా యభిప్రాయము. ఎవరెవరో తెలియని మహాసమూహమునకు ధరావతు పద్ధతి మేలు.

మఱియొక్క మాట. ఒక పర్యాయము మేమే ఒక బాలుని 63 మార్కులను 36 అని పట్టికలో నెక్కించితిమి. అతని తండ్రి వచ్చి జవాబుపత్రము చూపుమని యడిగినందున తప్పు దిద్దబడినది. ఆ పద్దు వేయి కంప్యూటర్లలో నున్నచో, వేయి ప్రతులును ఏకకంఠముగా 36 అనియే చెప్పియుండును. ప్రతులు కలియుట వేఱు, పద్దు నిజమగుట వేఱు. ఆ తండ్రివలె వచ్చి యడుగువారికి తావును, తప్పు నొప్పుకొని దిద్దు పద్దు వ్రాయువారును లేనిచో ఏ పద్ధతియు మనలను కాపాడజాలదని విద్యార్థులు గ్రహింతురుగాక.