మాఫీ ఎవరి చేతిలో ఉంది?



మన ఇళ్లల్లో పిల్లల కన్నీళ్లన్నిటికీ ఒకటే మందు. "జానే దో బేటా, మాఫ్ కర్ దో." ప్రాణంగా చూసుకున్న సహేలీ వెనకాల గీబత్ చేసిందని పిల్ల ఏడుస్తూ వస్తే ఇదే మాట. క్లాసులో పేరు పెట్టి వెక్కిరించారని పిల్లాడు దస్తర్‌ఖాన్ మీంచి లేచిపోతే ఇదే మాట. పైన కాస్త సబర్ కలిపి, "అల్లాహ్ చూస్కుంటాడులే" అని తాగించేస్తాం. పిల్ల నోరు మూసుకుంటుంది. మస్‌లా తీరిపోయిందనుకుని మనం చాయ్ తాగుతాం.

తీరలేదు. లోపలికి పోయిందంతే. ఈ ముక్క నాకు ఎన్నో బయాన్లలో దొరకలేదు, జపాన్ వాళ్ల బొమ్మల సీరియల్‌లో దొరికింది. ఇది చదివి కొందరికి గుస్సా వస్తుంది. రానివ్వండి. చివరిదాకా చదివి అప్పుడు గుస్సా చేయండి.

ఆనిమే అనగానే మన పెద్దోళ్లకు రెండే గుర్తొస్తాయి. ఒకటి కొట్లాటలు, రెండు బేహయా బొమ్మలు. రెండో రకం బోలెడు ఉంది. దాన్ని వెనకేసుకు రావడం నా పని కాదు, పిల్లల ఫోన్లో అది కనపడితే ఆపండి. కానీ మూడో రకం ఒకటుంది. స్లైస్ ఆఫ్ లైఫ్ అంటారు, అంటే రోజువారీ జిందగీ. అందులో రాక్షసులుండరు, మాయ కత్తులుండవు. స్కూలు, రైల్వే స్టేషను, ఇంటి వంటగది, నలుగురు దోస్తులు. ఒకరి మెసేజ్‌కి ఇంకొకరు జవాబివ్వకపోతే కలిగే గుబులు మీద కూడా సగం ఎపిసోడ్ నడుస్తుంది. మనం "ఇదీ ఒక బాధేనా" అని తీసిపారేసేదాన్ని వాళ్లు కూర్చోబెట్టి వింటారు.

2018లో మ్యాడ్‌హౌస్ స్టూడియో తీసిన 'ఎ ప్లేస్ ఫర్దర్ దాన్ ది యూనివర్స్' చూడండి. డైరెక్టర్ అత్సుకో ఇషిజుకా అనే ఆవిడ. మొత్తం 13 ఎపిసోడ్లు. హైస్కూల్ వయసున్న నలుగురు ఆడపిల్లలు అంటార్కిటికాకు పోతారు. షిరాసే అనే పిల్ల అమ్మ అక్కడికి పరిశోధనకు వెళ్లి తిరిగి రాలేదు. కాబట్టి ఆ పిల్ల వెళ్లాల్సిందే. మిగతా ముగ్గురూ ఎవరి కారణాలతో వాళ్లు తోడవుతారు.

ఆ ముగ్గురిలో హినాత అనే పిల్ల హైస్కూల్ మానేసి చిన్న దుకాణంలో పని చేస్తుంటుంది. ఎప్పుడూ నవ్విస్తూ ఉంటుంది. ఎందుకు మానేసిందో 11వ ఎపిసోడ్‌లో తెలుస్తుంది. స్కూల్ రన్నింగ్ టీంలో ఉన్నప్పుడు సీనియర్లను దాటి ఈమె ముందుకొచ్చింది. "వెనక్కి తగ్గొద్దు, పరిగెత్తు" అని ఎక్కించింది తోటి దోస్తులే. సీనియర్లు మండిపడగానే ఆ దోస్తులే మాట మార్చి, తప్పంతా ఈమె మీదకు తోసేశారు. అది ఈమె చెవిన పడింది. తర్వాత పుకార్లు. చివరికి బడే వదిలేసింది.

ఇప్పుడు ఈమె అంటార్కిటికాలో ఉంది, టీవీలో కనిపిస్తోంది, మషూర్ అయింది. జపాన్ నుంచి లైవ్‌లో మాట్లాడడానికి ఆ పాత దోస్తులే నవ్వుకుంటూ వచ్చి నిలబడతారు. హినాతకు కడుపు మండిపోతుంది. షిరాసేతో ఒక మాట చెప్పుకుంటుంది: మాఫ్ చేసేస్తే నా మనసు తేలిక పడుతుందేమో, కానీ వాళ్లు హమ్మయ్య అనుకునే మొహాలు తలుచుకుంటే ఒప్పుకోబుద్ధి కావట్లేదు అని. అప్పుడు షిరాసే కెమెరా ముందుకొచ్చి ఆ అమ్మాయిలకు ముఖం మీదే చెప్పేస్తుంది. హినాత తన దారిన తాను ముందుకు పోయింది, మీ మనసులో ముల్లు ఉంటే ఉండనివ్వండి, దాంతోనే బతకండి, మీ బరువు దించుకోవడానికి మా పిల్లను వాడుకోవద్దు అని. పక్కన హినాత ఏడుస్తుంటుంది. ఎవరూ ఆపరు. పెద్దవాళ్లెవరూ వచ్చి "అలా అనకూడదమ్మా" అని చెయ్యి పట్టుకోరు.

మన ఇంట్లో అయితే ఏం జరిగేది? ఖాలా ఒకావిడ అడ్డం వచ్చేది. "బడా దిల్ కరో బేటీ, వాళ్లే వచ్చారు కదా, గలే మిలో." ఈద్ రోజు ప్రతి ఇంట్లో ఇదే కదా నడిచేది. ఏడాదంతా పిల్లాణ్ణి నలుగురిలో నవ్వులపాలు చేసిన చాచా కొడుకుతో నమాజ్ అవగానే గలే మిలాయించి, ఫోటో తీసి, స్టేటస్ పెట్టేస్తాం. ఆ పిల్లాడి మొహం ఎవరూ చూడరు.

ఇక్కడ మౌలానా సాబ్ లేచి "మాఫ్ చేయడం సున్నత్ కదా" అంటారు. సున్నతే. కాదన్నవాడు జాహిల్. కానీ మాఫీ ఎవరిది? మన దీన్‌లో హుఖూఖుల్లాహ్ వేరు, హుఖూఖుల్ ఇబాద్ వేరు. ఒక బందాకు చేసిన జుల్మ్‌ను ఆ బందా మాఫ్ చేస్తే తప్ప లెక్క తేలదని మక్తబ్‌లో చిన్న పిల్లలకు కూడా నేర్పిస్తాం. అంటే ఆ మాఫీ పిల్ల జేబులో ఉన్న సొమ్ము. దాన్ని అమ్మీ, అబ్బా, ఖాలా, ఫుప్పూ కలిసి పిల్లను అడక్కుండా తీసి ఎదుటివాడికి ఇచ్చేస్తుంటే దానికి సున్నత్ అని పేరు పెట్టడమేంటి?

సూరె యూసుఫ్ మళ్లీ తిప్పండి. అన్నలు బావిలో పడేశారు. యూసుఫ్ (అ) మాఫ్ చేశారు, నిజమే. ఎప్పుడు చేశారు? ఏళ్లు గడిచి, తానే మిస్ర్‌లో అధికారంలో ఉండి, అన్నలు తమ నోటితో తప్పు మాదే అని ఒప్పుకున్నాక. బావిలో ఉన్నప్పుడు ఎవరూ వచ్చి "జానే దో" అనలేదు. వాళ్ల అబ్బా యాఖూబ్ (అ) సబర్‌కే మిసాల్, అయినా బిడ్డ కోసం ఏడ్చి ఏడ్చి కళ్లు తెల్లబడిపోయాయని ఖుర్ఆనే చెప్తోంది. సబర్ అంటే ఏడవొద్దని కాదన్నమాట. హజ్రత్ హమ్జా (ర)ను షహీద్ చేసిన వహ్షీ ఇస్లాం కబూల్ చేసి వచ్చినప్పుడు హుజూర్ (స) ఆయన్ని చేర్చుకున్నారు. కానీ వీలైతే నా కళ్ల ముందుకు రాకుండా ఉండగలవా అని అడిగారు. దీన్‌లో రహమతుల్లిల్ ఆలమీన్‌కే అంత జాగా ఉంటే, తొమ్మిదో క్లాసు పిల్లకు ఉండదా?

ఆ సీరియల్ మాఫీకి ఉల్టా అనుకునేరు. దాంట్లోనే 5వ ఎపిసోడ్ చూడండి. కిమారి అనే పిల్లకు చిన్నప్పటి సహేలీ మెగుమి. కిమారి అంటార్కిటికా పోతానని తిరుగుతుంటే, తనను వదిలేసి పోతోందన్న జలన్‌తో మెగుమి చాటుగా పుకార్లు పుట్టిస్తుంది, చాడీలు చెప్తుంది. ఎవరికీ దొరకదు. అయినా ప్రయాణం రోజు తెల్లారకముందే కిమారి గుమ్మం ముందు నిలబడి అన్నీ తనే చెప్పేసుకుంటుంది. నన్ను మాఫ్ చెయ్యి అనదు, మన దోస్తీ ఇక్కడితో ఖతం అంటుంది. కిమారి వెనక నుంచి వచ్చి కౌగిలించుకుని, ఆ ఖతం చెల్లదు అని చెప్పి వెళ్లిపోతుంది.

చూశారా తేడా? ఒకచోట మాఫీ దొరికింది, ఇంకోచోట దొరకలేదు. మెగుమి నిజం చెప్పింది, ఏమీ అడగలేదు. రన్నింగ్ టీం పిల్లలు నిజం చెప్పలేదు, మాఫీతో పాటు టీవీలో మొహం కూడా అడిగారు. తౌబాకూ దిఖావాకూ మధ్య తేడా పదహారేళ్ల పిల్లలకు తెలుస్తోంది. మనకే తెలియనట్టు నటిస్తున్నాం.

బలవంతపు సబర్ ఎలా ఉంటుందో చూడాలంటే 2016లో వచ్చిన 'ఎ సైలెంట్ వాయిస్' సినిమా ఉంది. క్యోటో యానిమేషన్ తీసింది, డైరెక్టర్ నవోకో యమద. షోకో అనే చెవులు వినపడని పిల్ల ఆరో తరగతిలో కొత్త బడికి వస్తుంది. ఇషిద అనే పిల్లాడు ఆమె హియరింగ్ ఎయిడ్లు లాగి పారేస్తాడు, ఒకటి కాదు, మళ్లీ మళ్లీ. షోకో ఏమీ అనదు. నవ్వుతుంది. సారీ చెప్తుంది. దెబ్బ తిన్నదీ ఆమే, సారీ చెప్పేదీ ఆమే. మన చుట్టాల్లో ఇలాంటి పిల్ల ఉంటే ఏమంటాం? "బహుత్ సాబిర్ బచ్చీ హై, మాషాఅల్లాహ్." ఆ సాబిర్ బచ్చీ హైస్కూల్ కొచ్చాక, ఊరంతా టపాసుల పండగ చూస్తున్న రాత్రి, ఒంటరిగా ఇంటికెళ్లి ప్రాణం తీసుకోబోతుంది. అందరి కష్టాలకూ తానే కారణమన్న మాట లోపల అంత పాతుకుపోయింది. ఆమె నవ్వు సబర్ కాదు. ఎవరూ వినరని తెలిసిపోయిన పిల్ల నవ్వు అది.

అదే సినిమాలో కవాయి అనే ఇంకో పిల్ల ఉంది. నేనేమీ చేయలేదు అని ఏడ్చి అందరి హమ్‌దర్దీ లాగేసుకుంటుంది. నిజానికి పక్కన నిలబడి నవ్వినవాళ్లలో ఆమె ఒకతె. ఈ కవాయి ప్రతి క్లాసులో ఉంటుంది. మన పిల్లే కవాయి కావచ్చు, ఆ సంగతి కూడా అడగాలి. సూరె హుజురాత్‌లో ఒకరినొకరు ఎగతాళి చేయొద్దు, చెడ్డ పేర్లతో పిలవొద్దు అన్న ఆయత్ మన పిల్లలు దెబ్బ తిన్నప్పుడు మాత్రమే గుర్తు రావడం ఇన్సాఫ్ కాదు.

"ఇలాంటివి చూసి పిల్లలు నాజూగ్గా తయారవుతున్నారు" అనే భాయీలకు ఒక జవాబు. 'మార్చ్ కమ్స్ ఇన్ లైక్ ఎ లయన్'లో కూడా ఒక హినాత ఉంది, ఇంకా చిన్న పిల్ల. క్లాసులో ఏడిపిస్తున్న సహేలీ పక్కన నిలబడినందుకు, ఆ సహేలీ బడి మారాక అందరూ కలిసి ఈమె మీద పడతారు. ఇంటికొచ్చి వెక్కి వెక్కి ఏడుస్తూనే నేను చేసింది తప్పు కాదు అంటుంది. వాళ్ల తాత నోరు మూసుకోమనలేదు, గొప్ప పని చేశావు అన్నాడు. అది చూస్తున్న రేయి అనే హైస్కూల్ కుర్రాడికి, చిన్నప్పటి నుంచి ఒంటరిగా ఉన్నవాడికి, తనే బతికి బయటపడ్డట్టు అనిపిస్తుంది. ఏడ్చింది కానీ వెనక్కి తగ్గలేదు ఆ పిల్ల. మజ్లూమ్ పక్కన నిలబడడం కంటే మర్దానగీ ఇంకేముంది చెప్పండి.

ఇవన్నీ కథలు కదా అంటారా? ఆ దేశంలో ఈ కథల వెనక నిజమైన జనాజాలున్నాయి. 2011లో ఓత్సు నగరంలో 13 ఏళ్ల బాబు తోటివాళ్ల వేధింపులకు ప్రాణం తీసుకున్నాడు. దేశమంతా అట్టుడికింది. 2013లో బడుల్లో వేధింపులను అడ్డుకునే చట్టం చేశారు. వాళ్లకు దర్ద్ లేక కాదు, చాలా ఆలస్యంగా విన్నారు. మనం అంతదాకా ఆగాలా?

మన పిల్లల మీద ఒక బరువు అదనం. టోపీ పెట్టుకుంటే ఒక మాట, స్కార్ఫ్ కట్టుకుంటే ఒక మాట, క్రికెట్ మ్యాచ్ రోజు ఇంకో మాట. ఆ మాటన్నది నిన్నటిదాకా టిఫిన్ పంచుకున్న దోస్తే అయితే? ఇంట్లో చెప్తే "చుప్ రహో, గొడవలొద్దు" అంటారని పిల్లకు తెలుసు. అందుకే చెప్పదు. ఫోన్‌లో హినాతను చూసి ఏడుస్తుంది. మనం ఫోన్ లాక్కుని "కైకు రోరీ, బొమ్మలు చూసి?" అంటాం.

పిల్లల దుఃఖం చిన్నదనేవాళ్లు అబూ ఉమైర్ సంగతి గుర్తు చేసుకోండి. ఆ పసివాడు ఆడుకునే చిన్న పిట్ట చచ్చిపోయింది. హుజూర్ (స) ఆ పిట్ట ఏమైందని ఆ పిల్లాణ్ణే పేరు పెట్టి అడిగారు. ఉమ్మత్ బరువంతా మోస్తున్న ఆయనకు ఒక పిట్ట గురించి అడిగే తీరిక ఉంది. మనకు లేదట.

కాబట్టి ఈసారి పిల్ల మొహం వాడిపోయి వస్తే మాఫీ గురించి మాట్లాడకండి. ఎవరన్నారు, ఏమన్నారు, ఎన్నాళ్ల నుంచి అని అడగండి. మధ్యలో నసీహత్ దూర్చకుండా వినండి. బడికి వెళ్లాల్సి వస్తే వెళ్లండి. మాఫ్ చేయాలా వద్దా, చేస్తే ఎప్పుడు అన్నది ఆ పిల్లకే వదిలేయండి. ఇవ్వగలిగిన రోజు తనే ఇస్తుంది, ఆ రోజు దాని అజర్ కూడా తనదే.

ఆదివారం జుహర్ తర్వాత కాస్త తీరిక చేసుకుని, ఆ 11వ ఎపిసోడ్ పిల్లల పక్కన కూర్చుని చూడండి. అయిపోయాక మీరేం మాట్లాడొద్దు. వాళ్లు మాట్లాడతారు.

అల్లాహ్ హాఫిజ్.